రెండో రీడింగ్

మా ఆయనతో వచ్చిన చిక్కల్లా ఒక్కటే, దేన్నీ ఊరికే నమ్మరు. ముప్ఫై ఒక్క ఏళ్ళు తూనికలు కొలతల శాఖలో ఇన్‌స్పెక్టరుగా చేసిన మనిషి. రిటైరై నాలుగేళ్ళయినా ఇప్పటికీ గోడ గడియారాన్ని చేతి గడియారంతో, చేతి గడియారాన్ని రేడియో వార్తలతో సరిచూసుకుని, పాపం ఆ రేడియోవాళ్ళు ఎవరితో సరిచూసుకుంటారో అని బెంగపడతారు. పాల ప్యాకెట్టు కొలపాత్రలోకి దిగి తన నిజాయితీ నిరూపించుకుంటే తప్ప మా ఇంట్లో పొయ్యెక్కదు. రోజుకి ఇంతకు మించి ఉప్పు తినకూడదని డాక్టరు అన్న పాపానికి, ఆ ఇంతని చిన్న త్రాసులో తూచి, కాగితం పొట్లాలు కట్టి, ఒక్కో పొట్లం మీదా తేదీ వేసి వరసగా పేర్చారు. వంటగది కాస్తా మందులకొట్టయింది, నేను కాంపౌండరునయ్యాను. నా కంచంలోకి నేను డబ్బాలోంచి చిటికెడు ఉప్పు వేసుకుంటే, ముద్ర లేని తూకపురాయి వాడుతూ పట్టుబడ్డ దుకాణదారుని చూసినట్టు చూస్తారు. అలాంటి మనిషికి, నీ గుండె ఎలా ఉందో ఫోను చెబుతుందయ్యా అంటే నమ్ముతారా? నమ్మలేదు. అందుకే ఇవాళ పొద్దున్నే, ఆ ఫోనుకి గుండె లెక్క పంపే చిన్న యంత్రాన్ని రుమాల్లో చుట్టి చొక్కా జేబులో వేసుకుని, నోటుబుక్కు చంకలో పెట్టుకుని, దొంగని ఠాణాకి పట్టుకెళ్తున్న ఠీవితో బస్సెక్కి ఆస్పత్రికి వెళ్ళారు. ఫోను మాత్రం ఇక్కడే, భోజనాల బల్ల మీద, నా ఎదురుగా వదిలేశారు. పదకొండుకీ పన్నెండుకీ మధ్య అది మోగుతుందట. ఇప్పుడు పదకొండు దాటి నాలుగు నిమిషాలు. మా గోడ గడియారం ప్రకారం, అంటే నిజంగానే.

పొద్దున యాప్‌లో వచ్చిన మాటలు నాకు నోటికొచ్చేశాయి. మీ గుండె రీడింగుల్లో తేడాలు కనిపిస్తున్నాయి, డాక్టరు గారు మందు మార్చదలచుకున్నారు, మా నర్సు మీకు ఫోన్ చేస్తారు, దయచేసి అందుబాటులో ఉండండి. ఆయన కళ్ళజోడు పైకి తోసి చదివి, "మందు మారుస్తారా? ముందు యంత్రం మార్చమను" అన్నారు. చెప్పులేసుకుంటూ, "ఫోనొస్తే ఎత్తి, ఆయన స్వయంగా వస్తున్నారు అని చెప్పు. అంతకు మించి ఒక్క ముక్క మాట్లాడకు" అన్నారు. ఆ ఒక్క ముక్కే కదా నా దగ్గరున్నది. ఆ తేడాలున్న రీడింగులు ఆయనవి కావు. నావి. ఒకటీ రెండూ కాదు, పదిహేడు. నా గుండె చూసి ఆయనకి మందు మార్చబోతున్నారు. ఈ మాట తెలిసిన మనిషి ఈ భూమ్మీద నేనొక్కదాన్నే. ఆ మనిషి ఇప్పుడు బల్ల మీది ఫోనుని, దాని మీద ఆయన వేలిముద్ర జిడ్డుని, పక్కన ఆయన తాగి వదిలిన కప్పు అడుగున ఎండుతున్న టీ చారని చూస్తూ కూర్చుంది. కప్పు తీసి కడగొచ్చు. కడుగుతుంటే కుళాయి చప్పుడులో ఫోను వినపడదేమో. అలా అనుకున్నందుకే కడగాలనిపిస్తోంది. కడగను. కూర్చుంటాను. పైవాళ్ళెవరో గోడకి డ్రిల్లింగ్ చేస్తున్నారు, రెండు నిమిషాలు గీపెట్టి ఆగుతుంది, ఆగినప్పుడల్లా ఇల్లు ఇంకొంచెం పెద్దదైనట్టుంటుంది.

అసలు ఆ యంత్రం ఎంతుంటుంది, ఒక బిస్కట్టంత. దాని మీద రెండు రేకులు, రెండు బొటనవేళ్ళూ ఆనించి ముప్ఫై సెకన్లు కదలకుండా కూర్చుంటే ఫోనులో గీత గీస్తుంది. అంతా సవ్యంగా ఉంటే ఆకుపచ్చ చుక్క, గుండె గతి తప్పితే నారింజ చుక్క. రక్తనాళంలో రెండు స్టెంట్లు వేసిన మర్నాడు ఆయన గుండె కాసేపు గతి తప్పిందట, అందుకని మూడు నెలలపాటు రోజూ గీత పంపించమని ఇచ్చారు. మా అమ్మాయి వచ్చి ఫోనులో అంతా ఎక్కించి, ఎలా నొక్కాలో చూపించి, తన ఫోనులోనూ కనపడేలా పెట్టుకుని వెళ్ళింది. ఆయన ఆ బిస్కట్టుని అటూ ఇటూ తిప్పి, అడుగున చూసి, "దీన్నెవరు తనిఖీ చేశారు? తేదీ లేదు, సంతకం లేదు" అన్నారు. మర్నాడు పొద్దున తన గీత తీసుకున్నాక, యంత్రాన్ని నా ముందుకి తోసి, "ఏమోయ్, నువ్వూ పెట్టు వేళ్ళు" అన్నారు. "నేనెందుకండీ, నాకేమైంది?" అన్నాను. "అందుకే. నీకేం కాలేదు కాబట్టే" అన్నారు. వాళ్ళ శాఖలో పద్ధతి అదట. కొట్టువాడి త్రాసుని తనిఖీ చెయ్యాలంటే ఇన్‌స్పెక్టరు తన పెట్టెలోంచి ప్రమాణపు బరువు తీసి దాని మీద పెడతాడు. త్రాసు తేడా చూపించిందా, తప్పు త్రాసుదే. బరువుని ఎవరూ అనుమానించరు. అనుమానిస్తే ఇంక శాఖే లేదు. నాకు ముప్ఫై ఆరేళ్ళ కాపురంలో ఆయన నోట వచ్చిన మెప్పుల్లో ఇదే పెద్దది, నన్ను మఖ్మల్ గుడ్డ పరిచిన చెక్కపెట్టెలోని ఇత్తడి బరువుతో సమానం చెయ్యడం. "గుండ్రాయిలా ఉంటావు, నీకంటే గట్టి ప్రమాణం నాకెక్కడ దొరుకుతుంది?" అన్నారు. నేను మురిసిపోయాను కూడా. ఏం చెప్పను, అంత తక్కువకే మురిసే అలవాటు చేసుకున్నాను.

మొదటి వారం నావీ ఆకుపచ్చే. ఎనిమిదో రోజు నారింజ. ఆయన నోటుబుక్కులో ఎర్రసిరాతో చుట్టి పక్కన "యంత్ర దోషం" అని రాసుకున్నారు. పదో రోజు మళ్ళీ నారింజ, మళ్ళీ చుట్టు. దొంగ దొరికాడన్న సంతోషం ఆయన మొహంలో. ఆపరేషనయ్యాక ఆ మొహంలో వెలుగు చూడ్డం అదే మొదలు. ఆ వెలుగులో నేను, అది దోషం కాదండీ, నాకు నిజంగానే ఇందాకట్నుంచి గుండెల్లో దడదడగా ఉంది, అని ఎలా చెప్పను? చెబుదామనే నోరు తెరిచాను. "చూశావా, రెండు నిమిషాల తేడాలో ఒకళ్ళకి బాగుంది, ఒకళ్ళకి బాలేదు అంటోంది. అదీ నీకు!" అని నవ్వారు. నేనూ నవ్వాను. నారింజ వచ్చినప్పుడల్లా ఆస్పత్రి నుంచి ఫోన్ చేసే నర్సుతో ఆయనది ఒకటే మాట, మీ యంత్రం పాడైంది అని. ఎలా తెలుసు సార్ అంటే చెప్పరు. తనిఖీ పద్ధతి ముద్దాయికి ముందే చెప్పకూడదట. నా గీతలన్నీ ఆయన పేరు మీదే అవతలికి వెళ్ళిపోతున్నాయని ఆయనకి తట్టలేదు. నాకు తట్టింది. అయినా రోజూ బొటనవేళ్ళు ఆనించాను. ఇందులో ఎవరి తెలివి తక్కువో, ఎవరి పాపం ఎక్కువో తూచడానికి ఆయన పెట్టెలో బరువులు చాలవు.

ఆ దడ ఇప్పుడు కూడా ఉంది. మణికట్టు మీద మూడు వేళ్ళు పెట్టి గడియారం చూస్తున్నాను. మూడు కొట్టి ఆగింది. తర్వాత రెండు గబగబా. మళ్ళీ ఏమీ లేదు, అయ్యో అనుకునేలోపు ఒకటి గట్టిగా, తలుపు తోసుకొచ్చినట్టు. వాషింగ్ మెషీన్లో తడి దుప్పటి ఒక పక్కకి చేరితే అది ధడాధడా కొట్టుకుంటూ నేల మీద నడుస్తుంది చూశారా, అలా. మెషీనయితే మూత తెరిచి దుప్పటి సరిచేసి మళ్ళీ నొక్కొచ్చు. ఇది మొదలైంది ఎక్కడో నాకు బాగా గుర్తు. ఆస్పత్రిలో మూడో అంతస్తు, ఆకుపచ్చ రెగ్జిన్ కుర్చీలు, ఒక కుర్చీకి చినిగిన చోట ఎవరో తెల్ల ప్లాస్టరు అంటించారు, మనుషులకి అంటించేదే. ఆయన్ని లోపలికి తీసుకెళ్ళే ముందు కాగితం ఇచ్చి సంతకం పెట్టమన్నారు, సంబంధం అన్న చోట భార్య అని రాశాను, చేతిరాత నాది కానట్టుంది. ఆయన స్ట్రెచర్ మీద వెల్లకిలా పడుకుని కూడా డాక్టరుతో, "మీ బీపీ మీటరు ఆఖరిసారి ఎప్పుడు తనిఖీ చేయించారు?" అంటున్నారు. తలుపు మూసుకున్నాక కూడా ఆ గొంతు వినపడింది, తర్వాత వినపడలేదు. అప్పుడు మొదలైంది. భయం అనుకున్నాను. పక్క కుర్చీలో ఎవరో ముసలావిడ నా మొహం చూసి నీళ్ళసీసా అందించింది, ఏమీ అడగలేదు. రెండు గంటల తర్వాత డాక్టరు బయటికొచ్చి అంతా బాగా జరిగిందని చెప్పాడు. ఆయన భయం తీరింది, నాది మాత్రం చెప్పుకోడానికి చోటు లేక లోపలే ఉండిపోయింది. ఏడు వారాలవుతోంది. భయం ఏడు వారాలుండదని నాకు తెలుసు. కాలేజీలో చదివింది జువాలజీ, మర్చిపోయానని అందరూ అనుకుంటారు. కప్పని కోసి గుండె బయటికి తీసి ఉప్పునీళ్ళ గాజుపళ్ళెంలో పెట్టాం. అది కొట్టుకుంటూనే ఉంది. దానికి ఎవరూ చెప్పక్కర్లేదు, తనంతట తనే కొట్టుకుంటుంది అన్నాడు లెక్చరరు. అందరం మొహాలు దగ్గరపెట్టి చూశాం. బెల్లు కొట్టగానే అందరూ వెళ్ళిపోయారు. రికార్డు పుస్తకం మర్చిపోయి నేను వెనక్కి వస్తే ఇంకా కొట్టుకుంటోంది, ఖాళీ గదిలో, నెమ్మదిగా, ఎవరి కోసమో తెలీకుండా.

ఫోను. కాదు, నా ఫోను. గుండె నోట్లోకొచ్చింది, మాటకి కాదు, నిజంగానే గొంతులో కొట్టుకుంది. ఆడపడుచు.

"ఏం అమ్మాయ్, మా తమ్ముడెలా ఉన్నాడు?"

"బానే ఉన్నారు వదినగారూ. ఆస్పత్రికెళ్ళారు."

"ఒక్కణ్ణే పంపావా! గుండె ఆపరేషనైన మనిషిని బస్సెక్కించి నువ్వు ఇంట్లో కూర్చున్నావా?"

"ఆయనే వద్దన్నారు, ఫోనొస్తే ఎత్తాలని..."

"ఆ ఫోన్లూ మీరూ. మాట్లాడుతుంటే అంత రొప్పుతావేం, మెట్లెక్కావా?"

"లేదు, కూర్చునే ఉన్నాను."

"ఒళ్ళొచ్చిందిలే నీకు. సరే, వాడు రాగానే నాకు ఫోన్ చెయ్యమను. పాపం వాడికెంత కష్టమొచ్చింది. నీకేం, రోగమా రొష్టా."

పెట్టేసింది. ఆవిడ మీద నాకు కోపం లేదు. రొప్పుతున్నానని కనిపెట్టిన మనిషి ఆవిడొక్కతే, తప్పు కారణం చెప్పినా సరే. మా అమ్మాయి కూడా ఇదివరకు రోజూ పొద్దున్నే ఫోన్ చేసేది, నాన్న ఎలా ఉన్నారు, నువ్వెలా ఉన్నావు, ఏం వండావు అని, ఆఫీసు బస్సు కోసం నిలబడి, హారన్ల మధ్య అరుస్తూ. ఇప్పుడు తన ఫోనులో నాన్న పేరు పక్కన చుక్క కనపడుతుంది. ఆకుపచ్చగా ఉంటే బస్సెక్కేస్తుంది. నారింజ కనపడ్డ రోజున కంగారుగా ఫోన్ చేస్తే ఆయన ఎత్తి, "యంత్ర దోషం, నువ్వు కంగారుపడకు" అని పెట్టేస్తారు. ఇప్పుడు ఆ రంగుకీ అలవాటుపడింది. దాన్ని అనడానికేం లేదు. రోజూ అరిచి అడిగే మాట బదులు ఒక చుక్క చూస్తే సరిపోతుందంటే నేనైనా చుక్కే చూస్తాను. కాకపోతే నాన్నకి చుక్కుంది, అమ్మకి లేదు. చుక్క లేని మనిషి బాగున్నట్టే లెక్క.

ఆ యాప్ కూడా తక్కువదేం కాదు. గీత పంపించాక ఐదు ప్రశ్నలు వేస్తుంది. ఛాతీలో నొప్పి ఉందా? మెట్లెక్కితే ఆయాసం వస్తోందా? కాళ్ళు వాస్తున్నాయా? నిద్ర పట్టిందా? ఆఖర్న, ఇవాళ మీ మనసెలా ఉంది, అని ఐదు బొమ్మ మొహాలు, బాగా నవ్వేదాన్నుంచి బాగా ఏడ్చేదాని దాకా. ఆయన పేపరు చదువుకుంటూ, "లేదు, లేదు, లేదు, పట్టింది, మధ్యది నొక్కు" అంటారు, తల ఎత్తకుండా. ఆయన మనసు నలభై మూడు రోజులుగా మధ్యదే. నొక్కేది నేను. ఒకరోజు ఆయన స్నానంలో ఉండగా నాకు కొంటె బుద్ధి పుట్టింది. ఆయన ప్రశ్నలకి నా జవాబులు నొక్కాను. ఆయాసం వస్తోందా, అవును. నిద్ర పట్టిందా, లేదు. మొహాల దగ్గర కాసేపు ఆగి, ఏడుపుకి ఒక మొహం ముందున్నదాన్ని నొక్కాను. వెంటనే ఒక ఆకు బొమ్మ వచ్చి, మీరు ఒంటరిగా లేరు, మేమున్నాం, అంది. నవ్వొచ్చింది. తర్వాత, ఎందుకో, బల్ల మీద తల పెట్టుకుని కాసేపు ఉండిపోయాను. పది నిమిషాల్లో ఫోన్ అమ్మాయి, అదే ఆ నర్సు, ఫోన్ చేసింది. ఆమెని మేమిద్దరం అలాగే అంటాం, ఎప్పుడూ చూడలేదు, ఒక గొంతు, కాస్త జలుబు చేసిన గొంతు, వెనకాల ఇంకా చాలా గొంతులు. "సార్, ఆయాసంగా ఉందని చెప్పారు, ఎప్పట్నుంచి?" ఆయన తువ్వాలుతో నిలబడి, "ఎవరు చెప్పారు? నేను చెప్పలేదే! చూశావటోయ్, ప్రశ్నలు కూడా దోషమే" అని గంతులేశారు. అదీ నోటుబుక్కులోకెక్కింది. కానీ నాకు ఒక సంగతి తెలిసింది. నొక్కితే అవతల ఎవరో వింటున్నారు. నిజంగా ఒక అమ్మాయి కుర్చీలో కూర్చుని, ముక్కు తుడుచుకుంటూ, ఆ గీతలు చూస్తోంది. రెండో గీత దగ్గర ఆగుతోంది. ఇదేమిటి ఇలా ఉంది, అనుకుంటోంది. నా గీత గురించి. పేరు వేరైతేనేం? అప్పట్నుంచి రోజూ బొటనవేళ్ళు ఆనించేటప్పుడు నాకు, ఎలా చెప్పను, ఎవరితోనో ముప్ఫై సెకన్లు మాట్లాడుతున్నట్టుండేది. అందుకోసం చెప్పకుండా ఉన్నాను. అందుకోసమే అని ఇప్పుడిప్పుడే ఒప్పుకుంటున్నాను, అదీ ఎండిన టీకప్పు ముందు.

పదకొండున్నర దాటింది. పైన డ్రిల్లింగ్ ఆగిపోయింది. ఆయన ఈపాటికి ఆస్పత్రిలో కౌంటరు ముందుంటారు. నోటుబుక్కు తెరిచి, ఎర్రచుట్లు ఒక్కొక్కటీ వేలితో చూపిస్తూ, ఇన్‌స్పెక్టరు గొంతుతో. అది ఆయన నిజం గొంతు కాదు, కొట్లలోకి అడుగుపెట్టేటప్పుడు తొడుక్కునేవారు, ఇంటికొచ్చి చొక్కాతోపాటు విప్పేసేవారు. రిటైరయ్యాక విప్పడం మర్చిపోయారు. లేదా భయపడ్డారేమో. ఆ స్ట్రెచర్ మీద కూడా బీపీ మీటరు గురించి అడిగింది భయంతోనేమో. తనని తూచే వస్తువు మీద నమ్మకం లేకపోవడం కాదు, తనని ఒకళ్ళు తూచడమే ఆయనకి ఎప్పుడూ జరగలేదు. అదలా ఉంచితే, వాళ్ళు నిజంగా మందు మార్చేస్తే? గతి తప్పిన గుండెకి ఇచ్చే మాత్ర, సరిగ్గా కొట్టుకుంటున్న గుండెకి ఇస్తే ఏమవుతుంది? జువాలజీలో ఆ పాఠం లేదు. మగత, తూలి పడటం, రక్తం పల్చబడటం, ఆస్పత్రి గోడల మీద చదివినవన్నీ ఒక్కొక్కటే వస్తున్నాయి. నేను నా ముప్ఫై సెకన్ల ముచ్చట కోసం ఊరుకున్నాను, ఆయన వాటర్ బాటిల్ తీసుకోకుండా ఎండలో బస్సెక్కారు. చెప్పేస్తాను. ఫోను మోగగానే, ఆ అమ్మాయి హలో అనకముందే. చెబితే నేను పేషెంటునవుతాను. అప్పుడు పొట్లాలెవరు విప్పుతారు, మధ్య మొహం ఎవరు నొక్కుతారు? ఒక ఇంటికి ఒక గుండె జబ్బు చాలు అన్నట్టు నేనే నాకు కోటా రాసుకున్నాను. ఆయన జబ్బు పడ్డప్పుడు పక్కన కూర్చోడానికి నేనున్నాను. నేను ఆ ఆకుపచ్చ కుర్చీల వెనక తలుపు లోపలికి వెళ్తే బయట ఎవరు కూర్చుంటారు? ఆయనా? ఆయన కూర్చోలేరు, గడియారాలు సరిచూస్తూ తిరుగుతారు. మూడు కొట్టి ఆగింది. రెండు గబగబా. లేచి నీళ్ళు తాగుదామంటే కుళాయి చప్పుడు గుర్తొచ్చింది, మళ్ళీ కూర్చున్నాను. పన్నెండుకి పదకొండు నిమిషాలుంది.

మోగింది. బల్ల మీద అది గిరగిరా తిరుగుతూ టీకప్పుని ఢీకొంది. ఎత్తాను.

"అమ్మా, ఆస్పత్రి నుంచి..."

"యంత్రం పాడవలేదమ్మా" అన్నాను. నా గొంతు నాకే కొత్తగా ఉంది. "ఆయనకి మందు మార్చకండి. ఆ రెండోవి, రోజూ రెండోది, అవి నావి. ఆయనవి ఎప్పుడూ బానే ఉన్నాయి. నాకు తెలిసే చెప్పలేదు."

అవతల ముక్కు తుడుచుకున్న చప్పుడు. తర్వాత జలుబు గొంతు మెల్లగా, "తెలిసిందమ్మా ఇప్పుడే. సార్ నా ఎదురుగానే ఉన్నారు" అంది. ఆయన నోటుబుక్కు చూపించారట. రోజుకి రెండు వరసలు చూసి, సార్ ఈ రెండోది ఎవరిది అని ఆమె అడిగిందట. మా ఆవిడది, సరిచూసుకోడానికి, అన్నారట గర్వంగా. యంత్రాన్ని వాళ్ళ దగ్గరున్న పరీక్ష పెట్టెకి తగిలించి మూడుసార్లు చూపించిందట. మూడుసార్లూ సరిగ్గానే ఉంది. "నాలుగోసారి ఆయనే తగిలించి చూశారమ్మా. అప్పట్నుంచి మాట్లాడటం లేదు."

ఫోను రెండో చెవికి మార్చుకున్నాను.

"మందేమీ మార్చలేదు, భయపడకండి. ఇప్పుడు మీ సంగతి చెప్పండి. ఛాతీలో నొప్పి ఉందా?"

"లేదు."

"ఆయాసం?"

"ఉంది. రెండో మెట్ల వరస దగ్గర."

"కళ్ళు తిరిగాయా ఎప్పుడైనా? మాట తడబడటం, చెయ్యి తిమ్మిరెక్కడం?"

"అవేం లేవు."

"ఎప్పట్నుంచమ్మా ఇలా?"

"ఆయన్ని లోపలికి తీసుకెళ్ళిన రోజు నుంచి."

ఆమె రాసుకుంటోంది, కీబోర్డు చప్పుడు వినపడుతోంది. "భయపడాల్సింది కాదు, కానీ ఊరుకోవాల్సిందీ కాదు. ఇవాళే డాక్టరు చూస్తారు, నేను మాట్లాడాను. మీరు ఒంటరిగా బయల్దేరకండి" అని, గొంతు సవరించుకుని, "ఇప్పుడెలా ఉన్నారమ్మా మీరు?" అంది. నేను మొహాల కోసం వెతుక్కున్నాను. నలభై మూడు రోజులు నొక్కిన వేలికి ఏ మొహమూ దొరకలేదు. "నేనా?" అన్నాను. అవతల కుర్చీ జరిగిన చప్పుడు, ఆమె ఎవరితోనో, ఇదిగోండి సార్, అనడం. తర్వాత ఊపిరి, నాకు ముప్ఫై ఆరేళ్ళుగా తెలిసిన ఊపిరి.

"ఏమోయ్."

"ఊఁ."

"కూర్చునే ఉన్నావా?"

"కూర్చున్నాను."

"లేవకు." వెనకాల ఎవరో టోకెన్ నంబర్లు పిలుస్తున్నారు, యాభై ఎనిమిది, యాభై తొమ్మిది. "మొదటిసారి ఆ రంగు వచ్చినప్పుడు నీకు తెలుసా, లోపల తేడాగా ఉందని?"

"తెలుసు."

"మరి చెప్పవేం?"

"మీరు యంత్రాన్ని అడిగారు. నన్ను అడగలేదు."

అరవై. అరవై ఒకటి. ఆ ఇన్‌స్పెక్టరు గొంతు ఎక్కడికి పోయిందో, ఇది చాలా పల్చగా ఉంది, కొత్త కాపురంలో ఒకసారి వింటే విన్నానేమో. "టాక్సీ మాట్లాడాను. వస్తున్నాను. నేను వచ్చేదాకా మెట్లు దిగకు. ఇద్దరం మెల్లిగా దిగుదాం. నేను..." ఆగారు. ఏదో గొణిగారు. అది ఏమిటో నాకు ముక్క ముక్కా వినపడింది. ముప్ఫై ఒక్క ఏళ్ళు ఎందరో కొట్లవాళ్ళ చేత అనిపించిన మాటే, తన నోట మాత్రం ఎప్పుడూ రానిది. కళ్ళు తుడుచుకున్నాను. మంచి మనిషైతే అక్కడితో వదిలేసేది.

"ఏమండీ, సరిగ్గా వినపడలేదు" అన్నాను.

"అదే. చెప్పాను కదా."

"గట్టిగా చెప్పండి. లైను బాలేదు."

టోకెన్లు పిలిచే మనిషి కూడా ఆగినట్టున్నాడు. గొంతు సవరించుకున్నారు. ఆ మొత్తం హాలంతా వినపడేలా, మూడో అంతస్తు దాకా వినపడేలా అరిచారు.

"తప్పు నాదే అంటున్నాను! యంత్రానిది కాదు, నీది కాదు, నాదే!"